మూడో గడి

మా ఊరి హైస్కూలు గేటు పక్కనున్న గోడ పొడవు పద్దెనిమిది అడుగులు, ఎత్తు ఆరున్నర. మొన్న సోమవారం టేపు పట్టి కొలిచాను. నిజానికి కొలవక్కర్లేదు, ఆ కొలతలు నాకు ఎప్పటినుంచో తెలుసు. కానీ జగిత్యాల నుంచి వచ్చిన పెయింటర్ నాకు కొత్త. నోటిమాట చెప్తే నమ్ముతాడో లేదోనని టేపు ఒక కొస అతనికిచ్చి, ఇంకో కొస నేను పట్టుకున్నాను.

"ఇదంత గీకేసి తెల్లగ కొట్టుమన్నరు. మీద కొత్త ఫ్లెక్సీ వస్తదట. ఎన్ని అడుగులో చెప్తే డబ్బాలు తెచ్చుకుంట" అన్నాడు పెయింటర్.

నేను వెంటనే చెప్పలేదు. లెక్క అడిగితే నేను ఆలస్యం చేసిన సందర్భాలు తక్కువ. ఆ గోడ మీద పాత రాతలు వెలిసిపోయాయి గానీ దగ్గరికి పోతే ఇంకా చదవొచ్చు. వాటిని రాయించిన పెద్దమేడం పోయి ఆ రోజుకు ఇరవై రెండు రోజులు.

ఆమెను ఊరంతా పెద్దమేడం అనే పిలిచేది. మా బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా తొమ్మిదేళ్లు పనిచేసింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మనిషిని పేరుతోనే పిలవాలి అనేది ఆమె పట్టు, అయినా తన పేరు ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ఇబ్బంది పడేది. ఆ గోడ రాసిన పెయింటర్ కింద మూలకు ఆమె పేరు కూడా రాస్తే, తడి ఆరకముందే తుడిపించింది.

మనిషి ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. కొలిచి చెప్తున్న మాట కాదు. నల్లబల్ల పై అంచు ఆమె చేతికి అందేది కాదు, నా చేతికి అంది ఇంకా మిగిలేది. దాన్నిబట్టి వేసుకున్న లెక్క. నాలుగు నూలు చీరలు మార్చి మార్చి కట్టేది. చేతిసంచిలో ఎప్పుడూ రెండు పెన్సిల్ సెల్లులు ఉండేవి, గేటు గడియారం కోసం.

ఆ గడియారం సంగతి చెప్పాలి. అన్ని బళ్లలో గడియారం ఆఫీసు గదిలో ఉంటుంది. ఆమె దాన్ని గేటు స్తంభానికి బయటివైపు, చిన్న రేకు నీడ కింద పెట్టించింది. వచ్చేవాళ్లకు కనపడాలి, లోపల ఉన్నవాళ్లకు ఎందుకు అనేది. మా ఊరి నుంచి కోరుట్ల పోయే బస్సు డ్రైవర్లు కూడా దాన్ని చూసే బండి తీసేవాళ్లు. నేను నా ఫోనుతో పోల్చి చూశాను, నిమిషం తేడా ఉండేది కాదు. ఒకసారి ఒక తండ్రి అడిగాడు.

"మేడం, అయిదు నిమిషాలు ముంగటికి పెట్టుండ్రి. పోరగాండ్లు జల్ది వస్తరు."

"గడియారం అబద్ధం చెప్తే పిల్లలు రెండు రోజులల్ల పట్టుకుంటరు తమ్మీ. ఇగ గోడ మీద రాసినయి ఏవి నమ్ముతరు?" అని ఆమె సంచిలోంచి సెల్లు తీసి మార్చింది.

గోడ మీద రాసినవి ఇరవై ఒక్క లైన్లు. మూడు గడులు, గడికి ఏడు. మొదటి గడి మీద 'పిల్లలు' అని, రెండోదాని మీద 'ఇల్లు' అని, మూడోదాని మీద 'బడి' అని ఉంటుంది. పిల్లలు ఏం చెయ్యాలో చెప్పే కాగితం ప్రతి బడిలోనూ ఉంటుంది. ఇల్లు ఏం చెయ్యాలో చెప్పేది కూడా ప్రైవేటు బళ్లలో చూశాను. బడి తనకు తాను పెట్టుకున్న ఏడు లైన్లు, అవీ ఊరంతా చదివేట్టు రోడ్డువైపు రాయించినవి, నేను మా దగ్గరే చూశాను.

వాటిని ఆమె ఒక్కతే కూచుని రాయలేదు. వచ్చిన మొదటి జూన్‌లో తల్లిదండ్రులందరినీ పిలిచింది. మాది ఇబ్రహీంపట్నం మండలం, మగవాళ్లలో సగం మంది గల్ఫ్‌లోనే ఉంటారు కాబట్టి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది తల్లులు, నాయనమ్మలు. రెండో గడి వాళ్లే చెప్పి రాయించారు. 'బడికి వచ్చే పిల్ల ఒళ్లో పొద్దున చాట పెట్టం' అనేది వాళ్ల మాటే. మా దగ్గర ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుడతారు, ఆకూ తంబాకూ చాటలో వేసుకుని ఒళ్లో పెట్టుకుంటారు, చేతికి దొరికిన పిల్లను పక్కన కూచోబెట్టుకుంటారు. 'దుబాయి పోయేవాళ్లను సాగనంపడానికి బడిపిల్లలను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోం' అన్నది రాసేటప్పుడు అందరూ నవ్వారు. ఒక్కడు విమానం ఎక్కితే పదకొండు మంది బండిలో శంషాబాద్ దాకా పోవడం మా రివాజు. పోవడం రావడం కలిపి పిల్లకు రెండు రోజుల బడి పోతుంది.

మూడో గడికి వచ్చేసరికి ఎవరూ నోరు తెరవలేదు. "మేం ఏం చెయ్యాల్నో మీరే చెప్పుండ్రి" అని మేడం మూడుసార్లు అడిగింది. చివరికి మా అవ్వ లేచింది. మా అవ్వ నన్ను కన్నతల్లి, అప్పటికి డెబ్బై దగ్గర్లో ఉంది.

"మా పోరగాండ్లను తొమ్మిదో నంబరు, పదో నంబరు అని పిలుస్తరేందమ్మా. జైల్ల ఉన్నరా వాళ్లు? ఇరవై ఒకటో నాడు పేరు పెట్టి ఊరందరికి పప్పన్నం పెట్టినం."

అందరూ మళ్లీ నవ్వారు. మేడం నవ్వలేదు. మూడో గడిలో మొదటి లైను అదే అయింది: 'హాజరు పేరుతో పిలుస్తాం, నంబరుతో కాదు.'

అందరికంటే ఎక్కువ మాట్లాడుకున్నది మాత్రం రెండో గడిలో నాలుగో లైను గురించి. పిల్ల మూడుసార్లు బడి రెండో గంట కొట్టాక వస్తే, ఇంటి పెద్ద వచ్చి ఒక పూట తరగతిలో చివరి బెంచీ మీద కూచోవాలి. దానికి ఇంటి బెంచి అని పేరు పడింది. సెలవు మీద వచ్చిన దుబాయి మనుషులు దాని మీద కూచున్నారు. తాళ్లు గీసే తాత ఒకాయన చెట్టెక్కే మోకు గేటు దగ్గర వదిలి వచ్చి కూచున్నాడు. ఆయన దగ్గర కల్లు వాసన వస్తుంటే మేడం ఏమీ అనకుండా కిటికీ తెరిచింది. కూచున్నవాళ్లను ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. పాఠం మామూలుగా జరిగేది. పన్నెండున్నరకు లేచి పోయేవాళ్లు.

"జర గట్టిగ చెప్పి పంపొచ్చు గదా మేడం" అని ఒకసారి అన్నాను.

"తిట్టింది ఇంటికి పోయేదాక యాదుంటది. బెంచీ మీద మూడు గంటలు కూసుంటే నడుముకు యాదుంటది" అంది.

నేను చదివింది ఏడో తరగతి. కోరుట్లలో కట్టెకోత మిల్లులో దుంగలు కొలవడం నా పని. చుట్టూ తాడు పట్టి చూస్తే దుంగలో ఎన్ని ఘనపుటడుగుల కట్టె వస్తుందో నోటితో చెప్పగలను. నాకెవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. లెక్క వచ్చినవాడని తల్లిదండ్రుల కమిటీకి నన్ను చైర్మన్‌ను చేశారు. నెలకొకసారి మిల్లుకు సెలవు పెట్టి బడికి పోయేవాణ్ని. ఎంతమంది వచ్చారు, ఎంతమంది రాలేదు, ఎంతమంది పాసయ్యేట్టు ఉన్నారు అని అడిగి నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. మేడం అడిగినదానికి జవాబు చెప్పేది. ఇంకేదో అడుగుతానేమో అన్నట్టు కాసేపు నా వైపు చూసేది. నేను నోటుబుక్కు మూసేసేవాణ్ని.

నా బిడ్డ అఖిల పదో తరగతికి వచ్చిన ఏడు, దసరా సెలవులు అయ్యాక, నేను ఒక లెక్క వేశాను. పదో తరగతిలో నలభై ఒక్క మంది. పరీక్షకు పేర్లు పంపే సమయం దగ్గరపడింది. చుట్టుపక్కల బళ్లన్నీ వందకు వంద శాతం అని ఫ్లెక్సీలు కట్టుకుంటున్నాయి, మా బడికి ఒక్క ఏడాది కూడా రాలేదు. హాజరు తక్కువున్నవాళ్లే ఫెయిలవుతారని నా అంచనా. రిజిస్టరు అడిగి తీసుకుని, ఒక ఆదివారం పొద్దున కూచున్నాను. పేర్లు చూస్తే మనసు మొగ్గుతుందని, తెలిసినవాళ్ల పిల్లలుంటారని, పేర్లున్న అంచు మడిచిపెట్టాను. నంబర్లు, వాటి ఎదురుగా గీతలు మాత్రమే చూశాను. రెండో గంట తర్వాత వచ్చినవాళ్లకు ఆ పూట రానట్టే లెక్క. మూడు నంబర్లు అట్టడుగున తేలాయి. తప్పు పోకుండా రెండోసారి కూడి చూశాను. ఆ ముగ్గురినీ బడి పేరుమీద కాకుండా ప్రైవేటుగా రాసుకోమంటే మిగిలేది ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది.

మరునాడు ఆ కాగితం పట్టుకుని మేడం గదిలోకి పోయాను. రిజిస్టరు కూడా తీసుకుపోయాను, మడత అట్లాగే ఉంది. నా పద్ధతి మొత్తం చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"ఎవలిని తీసెయ్యాలంటరు?"

"తొమ్మిది, ఇరవై రెండు, ముప్పై ఆరు."

"ఈ బడిల నంబర్లతోటి పిలువం చైర్మన్ గారూ. పేర్లు చదువుండ్రి."

మడత విప్పాను. తొమ్మిదికి ఎదురుగా గంగాధర్ అని ఉంది. చదివాను.

"గంగాధర్ వాళ్ల నాయిన మస్కట్ల ఉన్నడు. నాట్లప్పుడు పొలానికి నీళ్లు పెట్టెటోడు వీడొక్కడే. గిప్పుడు రోజు వస్తుండు" అంది మేడం.

"ఇరవై రెండు, సుమలత."

"వాళ్లింట్ల ముగ్గురు దుబాయి మనుషులు. ఒకలు వచ్చుడు, ఒకలు పోవుడు. బండి శంషాబాద్ పోయినప్పుడల్ల పిల్ల అండ్లనే ఉంటది. వాళ్ల తాతతోటి మాట్లాడిన. ఇగ తీస్కపోరు."

ముప్పై ఆరు దగ్గర వేలు పెట్టాను. పేరు కనిపించింది. ముందు మా ఇంటిపేరు ఉంది, బడిలో చేర్పించిన రోజు నేనే చెప్పి రాయించినట్టు. వేలు అక్కడే ఉంచి మేడం వైపు చూశాను.

"చదువుండ్రి."

"అఖిల."

"ఏ అఖిల?"

"మా అఖిల."

మిల్లులో ముప్పై దుంగలు వరసగా పేర్చి ఉంటే ఏది ఎంత చుట్టుకొలతో మరునాడు కూడా చెప్పగలను. నా బిడ్డ రోల్ నంబరు ముప్పై ఆరు అని నాకు తెలియదు. తొంభై రెండు పనిరోజుల్లో నలభై ఎనిమిది పొద్దుటి పూటలు ఆమె పేరు ఎదురుగా రానట్టు ఉంది. అంటే ఇరవై నాలుగు రోజులు. ఆ లెక్క నేనే రెండుసార్లు కూడి చూశాను.

మొదటి ఇద్దరికీ కారణం చెప్పిన మేడం మూడో పేరుకు ఏమీ చెప్పలేదు. నేనే అడిగాను.

"ఎందుకు ఆలస్యమైతుంది మేడం?"

"మీ ఇంట్ల అడుగుండ్రి. మీ ఇంటోళ్లు నాతోటి చెప్పిన ముచ్చట నేను మీకు చెప్పరాదు. అది సుత గోడ మీదనే ఉన్నది, మూడో గడిల."

"కనీసం ఆలస్యమైతుందని అన్న చెప్పాలె గదా."

"మీరు నెలనెలా వచ్చి ఎంతమంది అని అడిగిన్రు. ఎవలు అని ఒక్కనాడన్న అడుగుతరేమో అని చూసిన." ఆ మాట ఆమె మెల్లగానే అంది. "మూడుసార్లకు ఒకసారి మీ ఇంటి నుంచి బెంచీకి మనిషి వస్తూనే ఉన్నది. రూలు తప్పలే."

కాగితాన్ని నా వైపు జరిపింది. "ఇప్పుడు చెప్పుండ్రి. ఈ కాయిదం పంపాల్నా?"

"వద్దు మేడం."

"మంచిది. మీ బిడ్డ ఆ ముగ్గురిల లేకుంటే?"

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. ఆమె గంట కొట్టే సమయమైందని లేచి, బయటికి పోతూ నా భుజం పక్కన ఒక్క క్షణం ఆగింది. "లెక్క మాత్రం బరాబర్ వేసిన్రు. ఒక్క గీత సుత తప్పులే" అంది. ఎగతాళి కాదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి పోయి అడిగాను. నా భార్య చాట పక్కన పెట్టింది. "కండ్లు కనవడ్తలేవు. ఆకు కోస్త, చుడ్త, దారం కట్టుడు అయితలేదు. పిల్ల కట్టిస్తున్నది, బడికి పోయేముందు. పొద్దుగాల కంపెనీల ఇయ్యాలె గదా" అంది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బంద్ చెయ్యుమంటవు. బంద్ చేస్తే బీడీ కంపెనీ కార్డు పోతది, దాంతోటి పీఎఫ్ పోతది. పద్దెనిమిదేండ్లు చుట్టిన కార్డు అది."

బెంచీకి పోయిన మనిషి ఎవరో అడగక్కర్లేకపోయింది. మా అవ్వ మూలకు కూచుని ఇటువైపు చూడటం లేదు. ప్రతి మూడు ఆలస్యాలకు ఒకసారి, మొత్తం పదహారు పూటలు.

"ఇంటి పెద్ద రావాలంటే నేనే పోయిన. ఇంటి పెద్దను నేను గాదా?" అంది అవ్వ. "నువ్వు చైర్మన్‌వైతివి, నీకు ఏడ తీరుతది?"

"పదహారుసార్లు పోయి ఏం నేర్చుకున్నవే అవ్వా?"

"ఆమె చెప్తే నాకు సుత సమజైతది. నీ లెక్కలే సమజుగావు."

అఖిల ఇంతసేపూ తలుపు దగ్గర నిలబడి ఉంది. "బాపూ, నా పేరు తీసేస్తరా?" అని అడిగింది. బడిలో నా కాగితం సంగతి అప్పటికే తెలిసిపోయినట్టుంది. తియ్యరని చెప్పాను. ఎవరు తియ్యమన్నారో చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

మర్నాటి నుంచి దారం కట్టడం నా పనైంది. మా దగ్గర బీడీల పని మగవాళ్లు చెయ్యరు. చాట ముందు కూచున్న మగవాణ్ని చూస్తే ఊరికి పండగ. తెల్లవారి అయిదింటికి వాకిట్లో కూచునేవాణ్ని, మిల్లుకు ఆరున్నరకు బయల్దేరాలి. దుంగలు దొర్లించిన వేళ్లకు ఆ సన్నదారం చిక్కేది కాదు. మొదటిరోజు గంటన్నరలో తొమ్మిది కట్టలు కట్టాను, కట్టకు ఇరవై అయిదు. పక్కింటి గంగారాం అన్న పాలకు పోతూ ఆగాడు.

"ఏందిరా చైర్మన్, బీడీల్లకు దిగినవా? పైలం, మీసాలు కలిపి కట్టేవు."

"మీసాలు గొరిగించి కడ్త అన్నా, నువ్వు పాలకు పో."

నెల తిరిగేసరికి నలభై కట్టలకు వచ్చాను. ఫిబ్రవరిలో జగిత్యాలలో నా భార్య కంటికి ఆపరేషన్ అయ్యేదాకా ఒక్క రోజు కూడా మానలేదు. నేను దారం పట్టిన రోజు నుంచి అఖిల ఒక్కరోజు కూడా రెండో గంట దాటలేదు. గేటు దగ్గర మేడం ఆమెను చూసి గడియారం వైపు చెయ్యి చూపించేది, అంతే.

ఆ నవంబరులోనే ఒక రోజు సెలవు పెట్టి బడికి పోయి, ఇంటి బెంచీ మీద కూచుంటానన్నాను.

"మూడు ఆలస్యాలు కావాలె గదా. అఖిలవి ఇప్పుడు ఒక్కటి సుత లేవు" అంది మేడం.

"నావి ఉన్నయి మేడం."

ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

పదో తరగతికి లెక్కలు ఆమే చెప్పేది. ఆ రోజు స్థూపం ఘనపరిమాణం. అఖిల మూడో బెంచీలో ఉంది, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. సగం పాఠం అయ్యాక మేడం సుద్దముక్క నా వైపు చాపింది.

"అఖిల వాళ్ల నాయిన మిల్లుల దుంగలు కొలుస్తరు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడుగు దుంగ. ఎంత కట్టె?"

"పది ఘనపుటడుగులు" అన్నాను కూచున్నచోటి నుంచే.

"ఎట్ల వేసిన్రో వచ్చి రాయిండ్రి."

రాశాను. చుట్టుకొలతలో నాలుగో వంతు ఒక అడుగు. దాన్ని దానితోనే గుణిస్తే ఒకటి. పొడవుతో గుణిస్తే పది. మా మిల్లులో అందరం చేసేది ఇదే. మేడం పక్కన పుస్తకం పద్ధతిలో చేసింది, ఇరవై రెండు బై ఏడు వేసి. పన్నెండు ముప్పావుకు కాస్త తక్కువ వచ్చింది. పిల్లలు నా వైపు చూశారు. నేను బోర్డు వైపు చూశాను. ఇరవై ఏళ్లుగా ప్రతి దుంగలోనూ అయిదో వంతు కంటే ఎక్కువ నా లెక్కలోకి రాలేదు. అంతకాలం నేను లెక్కలో దిట్టననే అనుకుంటూ ఉన్నాను.

"రెండిట్ల ఏది తప్పు?" అని పిల్లలను అడిగింది.

ఎవరో నాదే తప్పన్నారు.

"తప్పు కాదు. దుంగను నలుపలకలు చేసినప్పుడు పక్కల పోయేది, పొట్టు పోయేది వాళ్లు ముందే తీసేసిన్రు. పోయేదేందో ఎరికై తీసేస్తే అది లెక్కనే." ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగింది. డస్టరు తీసుకుని బోర్డు తుడిచింది. ఆ వాక్యం రెండో సగం నాకు వినపడింది. పన్నెండున్నర దాకా బెంచీ మీద కూచుని అదే వింటూ ఉన్నాను. చూడకుండా పేర్ల అంచు మడిచినవాణ్ని నేనే. ఆ మడతలో ఎవరు పోతున్నారో ఎరిక లేకుండా తీసేశాను.

ఫలితాలు వచ్చిన పొద్దున బడి గేటు దగ్గర అందరం ఉన్నాం. కోరుట్ల నుంచి ఒక పేపరు విలేకరి కూడా వచ్చాడు.

"ఎంత శాతం మేడం? సెంటు పర్సెంటా?"

ఆమె చేతిలో కాగితం ఉంది. జవాబు చెప్పకుండా చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరు, వాళ్లకు ఎంత వచ్చిందీ. గంగాధర్ పాసయ్యాడు. సుమలత పాసయింది. విలేకరి గడియారం చూసుకున్నాడు. ముప్పై ఆరో పేరు దగ్గర ఆమె గొంతు మారలేదు.

"అఖిల. అయిదు సబ్జెక్టులు పాసయింది. లెక్కలు జూన్ల మల్ల రాస్తది. లెక్కలు చెప్పింది నేను, గందుకని అండ్ల సగం ఫెయిల్ నాది."

అని ముప్పై ఏడో పేరు చదివింది. నలభై ఒకటీ చదివింది. నా తలలో లెక్క దానంతట అదే అయిపోయింది, తొంభై ఏడు పాయింటు అయిదు ఆరు. ఆమె నోట మాత్రం శాతం రాలేదు. విలేకరి ఏమీ రాసుకోకుండా పోయాడు. వందకు వంద నా బిడ్డ దగ్గర ఆగింది. ఆ ముగ్గురినీ తీసేసి ఉంటే నా అంచనా నిజమయ్యేది కూడా.

గుంపులో ఎవరో "లెక్కల చైర్మన్ బిడ్డనే లెక్కలల్ల పోయింది" అన్నారు. అఖిల ఏడుస్తూ ఇంటికి పోబోతుంటే మేడం పేరు పెట్టి పిలిచి ఆపింది.

"మండే నుంచి పొద్దున ఏడింటికి రా. మీ బాపమ్మను తీస్కరా, బెంచి ఖాళీగున్నది."

మే నెల ఎండల్లో, బడికి సెలవులున్నప్పుడు, ఇరవై మూడు రోజులు ఆమె తాను ఉండే కోరుట్ల నుంచి మొదటి బస్సుకు వచ్చింది. తరగతిలో ఒక మేడం, ఒక పిల్ల, చివరి బెంచీ మీద మా అవ్వ. మూడో గడిలో ఆరో లైను, 'ఫెయిలైన పిల్ల పాసయ్యేదాకా మా పిల్లే.' జూన్ పరీక్షలో అఖిలకు నలభై ఎనిమిది వచ్చాయి. ఆ వార్త చెప్పడానికి పోయినప్పుడు మేడం స్టూలెక్కి గేటు గడియారానికి సెల్లు మారుస్తూ ఉంది. కిందికి దిగి, విని, పాత సెల్లు సంచిలో వేసుకుని, "మీ అవ్వకు సుత చెప్పుండ్రి" అంది.

ఆమె రిటైరయ్యాక జగిత్యాలలో అక్క దగ్గర ఉంది. మేడం పోయినట్టు నాకు చెప్పింది అఖిలే, సిరిసిల్ల నుంచి ఫోను చేసి. అక్కడ బట్టలు కుట్టే యూనిట్‌లో కటింగ్ కొలతలు చూస్తుంది ఇప్పుడు. దినం నాడు ఇద్దరం కలిసి పోయాం. అలవాటు కొద్దీ వచ్చినవాళ్లను లెక్కపెడుతూ నూట నలభై దగ్గర ఉండగా, మేడం వాళ్ల అక్క వచ్చి ఎవలు బిడ్డా అని అడిగింది. చైర్మన్‌నని చెప్పబోయి, అఖిల వాళ్ల నాయిననని చెప్పాను.

"లెక్కలు జూన్ల రాసిన అఖిలనా?"

అఖిల తల ఊపింది.

"నిద్ర పట్టకుంటే హాజరు పిలుసుకునేది మా చెల్లె. ఒక్కొక్క సంవత్సరం పిల్లలను, వరసగ. నీ పేరు చివరికి దగ్గర్ల వచ్చేది. ముప్పై ఆరో దానివా?"

"అవునమ్మా" అంది అఖిల. నేను మళ్లీ లెక్కపెట్టలేదు.

గోడ దగ్గర పెయింటర్ ఇంకా నా జవాబు కోసమే చూస్తున్నాడు. పద్దెనిమిదిని ఆరున్నరతో గుణిస్తే నూట పదిహేడు.

"డెబ్బై ఎనిమిది అడుగులు" అన్నాను.

అతను గోడ వైపు చూశాడు, టేపు వైపు చూశాడు. "అన్నా, తక్కువ వస్తుంది గదా. మీరు లెక్క తప్పరన్నరు."

"తప్పలే. మూడో గడి ముట్టుకోవద్దు. దాని ముప్పై తొమ్మిది తీసేసిన. హెడ్‌మాస్టరుకు నేను చెప్పిన, ఒప్పుకున్నడు. ఫ్లెక్సీ ఆ రెండిట్ల సరిపోతది."

"మరి అది వెలిసిపోయింది. అక్షరాలు మల్ల దిద్దాల్నా?"

"దిద్దాలె."

"ఎన్ని అక్షరాలున్నయో లెక్కపెట్టి చెప్పుండ్రి, నల్లరంగు గంతనే కలుపుత."

మూడో గడి ముందుకు పోయి నిలబడ్డాను. మొదటి లైను మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా పోయాను, తర్వాత రెండోది, మూడోది. ఏడు లైన్లు అయ్యేసరికి గేటు గడియారం మీది రేకును ఎండ దాటింది.

"ఎన్నయినయే అన్నా?"

"లెక్కపెట్టలే" అన్నాను. "చదివిన."